బెదురు పిల్లిని మచ్చిక చేసుకున్న తీరు

మేం తెచ్చుకున్నది ఏడాది దాటిన ఆడపిల్లి. వీధిలో పుట్టింది. పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయింది, దానికి గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. ఇలాంటి పిల్లిని ఫ్లాటంతా ఒకేసారి వదిలేస్తే ముందు ఫ్రిజ్ వెనక్కో వాషింగ్ మెషీన్ కిందికో దూరుతుంది, లాగబోతే రక్కుతుంది. అందుకే మొదట ఒక్క గదే ఇచ్చాం. వంటింటికి ఎంత దూరమైతే అంత మంచిది. కుక్కర్ విజిల్, మిక్సీ మోత కొత్తలో దాన్ని హడలగొడతాయి.

దాక్కునే చోటు మనమే చూపించాలి. డబుల్ కాట్ కింద నడిమధ్యకు చేరిన పిల్లి చేతికందదు, దానికి ఒంట్లో ఎలా ఉందో కూడా కనపడదు. అందుకని మంచం కిందంతా సూట్‌కేసులు అడ్డం పెట్టేసి, ఓ అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి ఎదురెదురుగా రెండు కంతలు కోశాను, ఒక్కొక్కటి జానెడు వెడల్పు. ఒకటే దారి ఉంటే పిల్లి తాను చిక్కుకుపోయాననుకుంటుంది. మీద పడి కరిచేది అలాంటప్పుడే. లోపల, అది ఇంతకుముందు పడుకున్న తువ్వాలునే ఉతక్కుండా పరిచాను. తన వాసన ఉన్న చోట అది త్వరగా కుదుటపడుతుంది. పెట్టెలోంచి రావట్లేదని బెంగపడక్కర్లేదు. దాక్కోనిస్తేనే బెదురు తగ్గుతుంది.

మలమూత్రాలకు మూత లేని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు చాలు. పొడవు పిల్లి ఒంటికి ఒకటిన్నర రెట్లుండాలి. తడిస్తే ఉండకట్టే బెంటొనైట్ లిట్టర్, అంటే పిల్లి టబ్బులో పోసే ఒక రకం బంకమట్టి పలుకులు, 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన పోయాలి. సువాసన కలిపిన రకం మనకు బాగుంటుంది గానీ దానికి పడదు. వీధిలో మట్టికి అలవాటు పడింది కాబట్టి మొదట్లో సగం పొడి ఇసుక కలిపి, మెల్లగా తగ్గించాను. టబ్బు ఒక మూల, తిండి ఎదురు మూల, నీళ్లు తిండికి కాస్త ఎడంగా. మీసాలు అంచుకు తగలని వెడల్పాటి మట్టిమూకుడు నీళ్లకు బాగా పనికొస్తుంది.

తిండి విషయంలో కొత్తలో ప్రయోగాలు చేయకూడదు. ఎక్కణ్ణుంచి తెచ్చామో అక్కడ తిన్నదే పెట్టాలి. మార్చాలంటే వారం పది రోజుల్లో పావు, సగం, ముప్పావు వంతున కలుపుతూ పోవాలి. పాలు పోయడం మనకు రివాజే కానీ, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగక విరేచనాలు పట్టుకుంటాయి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలని ఉడికించిన కోడిమాంసం రుచి చూపించడానికి మంచిదే, పూటపూటా అదొక్కటే పెడితే మాత్రం పోషకాలు చాలవు. ఒకరోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. మగపిల్లి టబ్బులో కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం పోయలేకపోతే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

చాలామందికి తట్టనిది ఫినాయిల్. తడిగుడ్డ పెట్టిన నేల మీద పిల్లి నడుస్తుంది, ఆ పాదాలే నాకుతుంది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. అందుకే నల్ల ఫినాయిల్, నీళ్లలో వేస్తే తెల్లగా మారే యాంటీసెప్టిక్ ద్రవాలు ఆ గదిలోకి రానివ్వలేదు. గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసిన నీళ్లతో తుడిచి, మళ్లీ ఉత్త నీళ్లతో తుడిస్తే చాలు. పనమ్మాయికి ఈ మాట రెండుసార్లు చెప్పాలి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ గోమారి మందులు, మనం మింగే పారాసిటమాల్ పిల్లికి విషమే.

ఇక మచ్చిక. పగలు రెండు పూటలా, పక్కకు తిరిగి నేలమీద కూర్చుని ఏదో చదువుకునేవాణ్ణి. కళ్లలోకి తేరిపార చూస్తే దానికది బెదిరింపు. చూపు కలిస్తే నెమ్మదిగా రెప్ప వాల్చి తల తిప్పుకోవాలి. మొదట చేసేదల్లా దూరం నుంచి మాంసం ముక్క విసరడమే, తర్వాత పొడుగు చెంచా మీద పెట్టి చాచాలి. కనుపాప నల్లగా విచ్చుకుని, చెవులు పక్కలకు వాలి, తోక కొస టపటపా కొట్టుకుంటుంటే అక్కడితో ఆపెయ్యాలి. అదే మన వేలు వాసన చూసి దవడ రుద్దితే బుగ్గ, గడ్డం కింద రెండు సెకన్లు గోకి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పొట్ట జోలికి పోవద్దు. రక్కినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, ఆరోజే డాక్టరును కలిసి రేబిస్ టీకా సంగతి తేల్చుకోవాలి.

మనం గదిలో ఉండగానే తింటూ, ఒళ్లు నాక్కుంటూ, తోక నిలబెట్టి నడిచిందంటే తలుపు తెరవొచ్చు. చుట్టాలు లేని సాయంత్రం చూసుకుని గంటసేపు మొదలుపెట్టాలి. గదిలోకి తిరిగి వెళ్లే దారి తెరిచే ఉంచాలి. అంతకుముందే బాల్కనీ చూసుకోవాలి. పావురాల కోసం కట్టే నైలాన్ వలను కొరికేస్తుంది, కింది అంచున హుక్కుల మధ్య సందు నుంచి జారిపోతుంది కూడా. స్టీలు జాలీ బిగిస్తేనే ధైర్యం.

రాత్రుళ్లు కాలుగాలిన పిల్లి అన్న మాట అక్షరాలా అర్థమవుతుంది. పడుకోబోయే ముందు కర్రకు దారంతో కట్టిన ఈకతో పది నిమిషాలు ఆడించి, వెంటనే తిండి పెడితే చాలావరకు సద్దుమణుగుతుంది. ఆట కాగానే ఆ దారం బీరువాలో పెట్టేయాలి. మింగితే పేగులు ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా వెళుతుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే బుట్టను అటక మీద పడేయకుండా మొదటిరోజు నుంచే గదిలో తలుపు తీసి ఉంచాను. అప్పుడప్పుడూ అందులోనే తిండి పెట్టాను. పైమూత కూడా తెరుచుకునే రకం కొనాలి. పరీక్షకు పిల్లిని బయటికి గుంజే పని లేకుండా, తువ్వాలు కప్పి పైనుంచే చూసేస్తారు.