చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో రూటింగ్: తిరుగు దారి సంగతి

పది పదిహేను కంప్యూటర్లున్న ఆఫీసులో అన్నింటినీ ఒకే స్విచ్‌కు (నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పెట్టెకు) తగిలించి, మిగతా భారమంతా నెట్ కనెక్షన్‌తో వచ్చిన రౌటర్‌కు వదిలేయడం ఎక్కడైనా జరిగేదే. కానీ అదే స్విచ్‌కు సీసీ కెమెరాలు, వాటి రికార్డర్ కూడా వచ్చి చేరినప్పుడు, వాటిని ఖాతాలు రాసే కంప్యూటర్ల సరసన ఉంచడం నాకు సమ్మతం కాదు. చాలా కెమెరాల సాఫ్ట్‌వేర్‌ను బిగించిన రోజు తర్వాత ఎవరూ అప్‌డేట్ చేయరు. వాటిలో ఒకటి పరాయివాళ్ల చేతికి చిక్కిందంటే, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న మిగతా యంత్రాలను చేరడానికి మధ్యలో అడ్డు చెప్పేది ఏదీ ఉండదు. అందుకే మా ఆఫీసులో రెండింటినీ విడదీసి, మధ్యలో మూడు లాన్ కార్డులున్న ఒక పాత డెస్క్‌టాప్‌ను డెబియన్ అనే లినక్స్‌తో రౌటర్‌గా నిలబెట్టాను.

ముందుగా తేల్చుకోవలసింది అడ్రసుల పంపకం. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ప్రకారం లోపలి నెట్‌వర్క్‌లకు 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 అనే మూడు శ్రేణులు కేటాయించి ఉన్నాయి (గీత తర్వాతి అంకె, అడ్రసులో మొదటి ఎన్ని బిట్లు నెట్‌వర్క్‌ను గుర్తిస్తాయో చెబుతుంది). వీటిలో 192.168.0, 192.168.1 సబ్‌నెట్‌లను (నెట్‌వర్క్‌లోని చిన్న భాగాలను) మన ఇళ్లలోని రౌటర్లు చాలావరకు ముందే వాడుకుంటూ ఉంటాయి కాబట్టి, రేపు ఎవరైనా ఇంటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే రహస్య దారి) ద్వారా ఆఫీసుకు కలవాలంటే రెండుచోట్లా ఒకే అడ్రసులుండి చిక్కు వస్తుంది. సిబ్బందికి 10.40.10.0/24, కెమెరాలకు 10.40.20.0/24 ఇచ్చాను. రెండూ 10.40.0.0/16లోనే ఉన్నందున, నెట్ కనెక్షన్‌తో వచ్చిన బయటి రౌటర్‌లో ఒక్క స్టాటిక్ రూట్ (ఈ అడ్రసులకు దారి ఇదీ అని మనమే రాసే వరుస) రాస్తే రెండింటికీ సరిపోతుంది.

లినక్స్ మామూలుగా ఒక కార్డు మీద వచ్చిన ప్యాకెట్‌ను (డేటా ముక్కను) ఇంకో కార్డు మీదికి పంపదు. నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్ అనే సెట్టింగ్ విలువను 1 చేస్తేనే అది రౌటర్‌గా పనిచేస్తుంది. ఇంతవరకు చెప్పే పాఠాలు చాలానే దొరుకుతాయి. అసలు శ్రద్ధ పెట్టవలసింది ఆ తర్వాతి భాగంలో అని నా నమ్మకం.

10.40.10.25 అడ్రసున్న కంప్యూటర్ 10.40.20.10 వద్ద ఉన్న రికార్డర్‌ను చూడాలనుకుందాం. అది తన మాస్క్‌తో (ఏ అడ్రసులు తన సబ్‌నెట్‌లోవో చెప్పే విలువతో) పోల్చి చూసుకుని, ఆ అడ్రసు తన సబ్‌నెట్‌లో లేదని గ్రహించి, ప్యాకెట్‌ను గేట్‌వే (సబ్‌నెట్ బయటికి పంపే ద్వారం) అయిన 10.40.10.1కు అప్పగిస్తుంది. రౌటర్ తన టేబుల్‌లో ఆ అడ్రసుకు సరిపోయే వాటిలో అన్నిటికంటే పొడవైన ప్రిఫిక్స్ (అడ్రసులో నెట్‌వర్క్‌ను గుర్తించే మొదటి భాగం) ఉన్న రూట్‌ను ఎంచుకుని, ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే టీటీఎల్ విలువను ఒకటి తగ్గించి, కెమెరాల వైపు కార్డు నుంచి పంపుతుంది. దారిలో మ్యాక్ అడ్రసులు (లాన్ కార్డుల సొంత అడ్రసులు) మారతాయి గాని, ఐపీ అడ్రసులు మారవు. రికార్డర్‌కు ఆ ప్యాకెట్ ఏ దారిన వచ్చిందో గుర్తుండదు. జవాబు పంపడానికి అది తన మాస్క్‌ను, తన గేట్‌వేను చూసుకుని మళ్లీ మొదటి నుంచి నిర్ణయం తీసుకుంటుంది. రికార్డర్ బిగించినవాళ్లు గేట్‌వే గడిని ఖాళీగానో, పాత 192.168.1.1తోనో వదిలేసి ఉంటే, పోయిన ప్యాకెట్ చేరుతుంది గాని జవాబు తిరిగి రాదు.

ఈ పరిస్థితిలో కొందరు రెండు సబ్‌నెట్‌ల మధ్య కూడా మాస్కరేడ్ (పంపినవారి అడ్రసు బదులు రౌటర్ తన అడ్రసు పెట్టడం) పెట్టేస్తారు. అప్పుడు ప్రతి ప్యాకెట్ కెమెరాల వైపు రౌటర్ అడ్రసైన 10.40.20.1 నుంచే వచ్చినట్టు కనబడుతుంది కాబట్టి గేట్‌వే లేకపోయినా రికార్డర్ జవాబిస్తుంది, పని అయినట్టే ఉంటుంది. కానీ రికార్డర్ లాగ్‌లో ఎవరు చూసినా ఒకే అడ్రసు నమోదవుతుంది. ఎవరు ఏ ఫుటేజీ చూశారో తెలియని లాగ్ ఉండీ లేనట్టే. గేట్‌వే గడిని సరిచేయడానికి పట్టేది నిమిషం, అదే చేయాలి. ఎటువైపు ఆగిపోయిందో తెలుసుకోవడానికి రౌటర్ మీద రెండు కార్డుల వద్దా టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే సాధనం) నడిపితే చాలు: అడిగిన ప్యాకెట్ అటు కార్డు నుంచి బయటికి వెళ్తూ, జవాబు అక్కడికి రాకపోతే, వెతకవలసింది రికార్డర్‌లోనే.

ఇంతకంటే మోసగించే చిక్కు ఇంకొకటుంది. సిబ్బంది కంప్యూటర్లను నెట్ రౌటర్ సబ్‌నెట్‌లోనే ఉంచి, కెమెరాల సబ్‌నెట్‌ను మాత్రం లినక్స్ వెనక పెడితే, కంప్యూటర్ల గేట్‌వే నెట్ రౌటరే కాబట్టి వెళ్లే ప్యాకెట్ దాని మీదుగా పోతుంది, వచ్చే జవాబు లినక్స్ నుంచి నేరుగా కంప్యూటర్‌కు చేరుతుంది. సంభాషణలో సగమే చూసిన నెట్ రౌటర్ ఫైర్‌వాల్ దాన్ని చెల్లనిదిగా భావించి మధ్యలో తుంచివేయవచ్చు. అప్పుడు పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పరీక్ష) చక్కగా పనిచేస్తుంది, రికార్డర్ పేజీ మాత్రం తెరుచుకోదు. కాబట్టి రెండు రౌటర్ల మధ్యనున్న కేబుల్ మీద కంప్యూటర్లేవీ ఉండకూడదు. అక్కడ నెట్ రౌటర్ 192.168.1.1, మన లినక్స్ 192.168.1.2, అంతే. నెట్ రౌటర్‌లోని వైఫైని కూడా ఆపివేసి, వేరే యాక్సెస్ పాయింట్‌ను సిబ్బంది సబ్‌నెట్‌లో పెట్టాను.

కొన్ని నెట్ రౌటర్లు తమ సొంత సబ్‌నెట్‌కు తప్ప మరొకదానికి నాట్ (లోపలి అడ్రసును బయటి అడ్రసుగా మార్చడం) చేయవు. అటువంటిచోట మాస్కరేడ్ తప్పదు, అయితే బయటికి వెళ్లే కార్డు మీద మాత్రమే ఉండాలి.

దారి రెండువైపులా కుదిరాకే ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే లినక్స్ ఫైర్‌వాల్‌తో నియమాలు రాశాను. సిబ్బంది నుంచి కెమెరాల వైపు కొత్త కనెక్షన్లకు అనుమతి, అటునుంచి జవాబులకు మాత్రమే అనుమతి, కెమెరాల నుంచి ఇంటర్నెట్‌కు అసలే లేదు. అలా మూసేస్తే రికార్డర్ గడియారం తప్పుతుంది కాబట్టి లినక్స్ మీదనే ఎన్‌టీపీ (సరైన సమయం చెప్పే) సర్వర్ నడిపి, రికార్డర్‌లో టైమ్ సర్వర్‌గా 10.40.20.1 ఇచ్చాను. ఫార్వర్డింగ్ సెట్టింగ్, నియమాలు రెండూ ఫైళ్లలో భద్రపరచి, కరెంటు వచ్చిన వెంటనే యంత్రం తనంతట తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో మార్చి, ప్లగ్ తీసి పెట్టి చూశాకే ఆఫీసువారికి అప్పగించాను.