వేడినీళ్లున్నాయి, గుడేది?

ఆస్టిన్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్లినవాళ్లకి ఆ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. జంక్షన్, సొనోరా, ఓజోనా దాటి ఫోర్ట్ స్టాక్టన్ చేరేసరికి పులిహోర అయిపోతుంది, పాటలు అయిపోతాయి, మాట్లాడుకోడానికి చుట్టాలు కూడా అయిపోతారు. టెక్సస్ మాత్రం అవదు. దానికి తోడు క్రిస్మస్ సెలవులు. పార్కు పక్కనున్న టెర్లింగ్వా ఊళ్లో దొరికిన గది రాత్రికి 240 డాలర్లు. హీటర్ వేస్తే నిద్ర పట్టనంత చప్పుడు, ఆపితే చలి. ఆ అద్దె రూపాయల్లో ఎంతో అమ్మకి చెప్పొద్దని మా ఆయన ముందే సైగ చేశాడు.

చిసోస్ కొండలు చూశాం, సాంటా ఎలీనా లోయ చూశాం. బాగున్నాయి. ఆ ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. మేం అంత దూరం వెళ్లింది అమ్మ మోకాళ్ల కోసం. ఎడారి మధ్యలో, రియో గ్రాండే నది ఒడ్డున భూమిలోంచి వేడినీళ్లు వస్తాయని నేను నోరు జారినప్పటినుంచీ ఆవిడ రోజూ అదే అడుగుతోంది. కొత్తగూడెం మనిషికి వేడినీళ్ల ఊట కొత్త కాదు. భద్రాచలం వెళ్తే గుండాల దగ్గర గోదావరి ఇసుక తవ్వి, ఊరిన వేడినీళ్లు నెత్తిన చల్లుకోవడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటే.

పాంథర్ జంక్షన్ నుంచి రియో గ్రాండే విలేజ్ వైపు వెళ్తుంటే కుడివైపు ఒక మట్టిరోడ్డు చీలుతుంది. పెద్ద బండ్లు రాకూడదని బోర్డుంది. ఎందుకో చివర్లో తెలిసింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఎండిన వాగు, మధ్యలో ఒక్క కారు పట్టే దారి. మలుపులో ఎదురుగా ఇంత పొడవు పికప్ ట్రక్కు. అతను వెనక్కి వెళ్లే ఉద్దేశంలో లేడు. మా ఆయన అద్దాల్లో చూసుకుంటూ వెనక్కి పోనిస్తుంటే వెనక సీట్లో ఆంజనేయ దండకం మొదలైంది. డ్రైవింగ్ కన్నా ఆ దండకమే తనకి ఎక్కువ టెన్షన్ పెట్టిందని తర్వాత అన్నాడు.

కారు ఆపిన చోట పాత పోస్టాఫీసు రాతిగోడలు, ఖర్జూరపు చెట్లు ఉన్నాయి. అక్కడినుంచి ఊటదాకా నడక కొద్దిదూరమే. నదివైపు రెల్లు ఏపుగా పెరిగి ఉంది, ఇటువైపు సున్నపురాతి కొండ. ఆ కొండకి పక్షులు కట్టిన మట్టిగూళ్లు, వాటి కింద ఎప్పటివాళ్లో వేసిన ఎర్రటి గుర్తులు. అమ్మ అక్కడ ఆగి చేతులు జోడించింది.

"గుడి ఇంకా ఎంత దూరమే?"

"గుడి లేదమ్మా."

"వేడినీళ్లున్నాయిగా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. బదరీనాథ్‌లో, మణికరణ్‌లో వేడినీళ్లు పుట్టిన చోటల్లా మనకి ఒక దేవుడుంటాడు. ఇక్కడ ఉన్నది పోస్టాఫీసు, దుకాణం, పాత మోటెల్ గదులు. బోర్డు మీదున్న కథ ఆవిడకి చదివి చెప్పాను. జె.ఓ. లాంగ్‌ఫర్డ్ అనే ఆయన మలేరియాతో చితికిపోయి, ఈ నీళ్ల మహిమ ఎవరో చెప్పగా విని, చోటు కళ్లతో చూడకుండానే భూమికి దరఖాస్తు పెట్టి, 1909లో భార్యనీ బిడ్డనీ తీసుకుని వచ్చేశాడు. వచ్చి చూస్తే అప్పటికే క్లియోఫాస్ నతివిదాద్ కుటుంబం అక్కడ కాపురముంటోంది. లాంగ్‌ఫర్డ్ 21 రోజులు ఆ నీళ్లు తాగి, అందులోనే స్నానం చేసి తేరుకున్నాడట. ఆపైన స్నానాలగది కట్టి రోజుకి పది సెంట్లు, 21 రోజుల వైద్యం మొత్తానికి రెండు డాలర్లు పుచ్చుకున్నాడు. మెక్సికోలో విప్లవం వచ్చి సరిహద్దు అల్లకల్లోలమయ్యాక వెళ్లిపోయి, మళ్లీ 1927లో తిరిగొచ్చాడు. 1942లో భూమి టెక్సస్ ప్రభుత్వానికి అమ్మేశాడు. 1944లో పార్కయింది.

"మండలంలో సగమన్నమాట," అంది అమ్మ. రెండు డాలర్ల సంగతి విని మా ఆయన మాత్రం మోటెల్ తలుచుకున్నాడు.

ఆ స్నానాలగదికి ఇప్పుడు పునాది మాత్రమే మిగిలింది. నలుచదరపు రాతితొట్టిలా ఉంటుంది, నీళ్లు మోకాళ్ల పైదాకా వస్తాయి. అడుగున మెత్తటి ఒండ్రు, కాలు పెడితే మేఘంలా లేస్తుంది. గోడల మీద పాచి, జాగ్రత్తగా దిగాలి. తొట్టి నిండి గోడ మీదుగా పొర్లిన నీళ్లు నేరుగా నదిలో పడతాయి. వేల ఏళ్ల కిందట కురిసిన వాన భూమి లోతుల్లో వేడెక్కి ఇలా పైకొస్తోందని చెబుతారు.

"105 డిగ్రీలు ఉంటాయి అత్తయ్యా," అన్నాడు మా ఆయన.

అమ్మ పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. "105 అంటే మనిషి దక్కుతాడా!" ఆవిడకి ఫారెన్‌హీట్ అంటే జ్వరమే. మన లెక్కలో 40 చిల్లరే అని చెప్పాక గానీ దిగలేదు. దిగాక ఇక బయటికి రాలేదు.

చుడీదార్‌తోనే మూడు మునకలు వేసింది. తొట్టిలో అప్పటికే పదిమంది దాకా ఉన్నారు. లబ్బక్ నుంచి ఏటా చలికాలం వస్తానన్న ఒక తెల్లజుట్టు పెద్దావిడ ఆసక్తిగా చూసి, "ఇది మీ బాప్టిజమా?" అని నన్నడిగింది. బాప్టిజం అన్న మాట అమ్మకి అర్థమైంది. "పాపాలకి కాదని చెప్పవే, మోకాళ్లకి," అంది. చెప్పాను. ఆ పెద్దావిడ నీళ్లలోంచి తన మోకాలు పైకెత్తి ఆపరేషన్ గాటు చూపించింది. ఇక నా అవసరం లేకపోయింది. ఇద్దరూ తమ తమ భాషల్లో కీళ్లనొప్పుల గురించి అరగంట మాట్లాడుకున్నారు. నదిలో నీటిమట్టం నాలుగడుగులు దాటితే ఈ తొట్టి మునిగిపోతుందని, వచ్చేముందు అది చూసుకోవాలని ఆవిడే చెప్పింది.

నేను గోడమీద కూర్చుని ఒక కాలు వేడినీళ్లలో, ఒక కాలు నదిలో పెట్టాను. నది కాలు కొరికేస్తోంది. నది నడిమధ్య నుంచీ మెక్సికో. అవతలి ఒడ్డున గుర్రాలు గడ్డి మేస్తున్నాయి. దారిలో ఒక బండమీద తీగతో చేసిన తేళ్లు, ధర రాసిన చీటీ, డబ్బులెయ్యడానికి డబ్బా ఉన్నాయి. అటువైపు వాళ్లు పెట్టి వెళ్తారు. కొంటే నేరం, వస్తువు లాగేసుకుంటారు. కొంచెం కిందికి వెళితే పడవలో బోకియాస్ ఊరికి దాటొచ్చు. 2002లో మూసేసిన ఆ రేవుని 2013లో మళ్లీ తెరిచారు. మా ఇద్దరికీ అమెరికాలో ఉండటానికి అనుమతి ఉంది గానీ, బయటికెళ్తే తిరిగి రావడానికి కావలసిన వీసా స్టాంపు గడువు పాస్‌పోర్టుల్లో ఎప్పుడో అయిపోయింది. స్టాంపు లేకపోయినా మెక్సికో వెళ్లి రావడానికి ఏదో రూలుందని స్నేహితులు అంటారు గానీ, ఒక పూట ఎంచిలాడా కోసం అంత ధైర్యం చెయ్యలేం. గుర్రాలకి ఆ గోల లేదు.

తిరుగు దారిలో మారథాన్ అనే ఊరికి ముందు బోర్డర్ పెట్రోల్ వాళ్ల చెక్‌పోస్టు ఉంటుంది. ఆ దారిన వచ్చే మనవాళ్ల కార్లన్నీ అక్కడ నిశ్శబ్దమైపోతాయి. పాస్‌పోర్టులు, ఇక్కడ ఉండటానికి అనుమతి చూపే ఐ-797 కాగితాలు నా ఒళ్లోనే సిద్ధంగా పెట్టుకున్నాను. కుర్ర ఆఫీసరు, మర్యాదగానే ఉన్నాడు. అమ్మ పాస్‌పోర్టు తిరగేసి, తడిజుట్టు చూసి, "హాట్ స్ప్రింగ్స్?" అన్నాడు. అమ్మ తలూపి తన మోకాలు చూపించింది. పొమ్మన్నాడు.

ఫోర్ట్ స్టాక్టన్ దాకా నొప్పి లేదంటూనే ఉంది. ఇంట్లో బాత్‌టబ్‌లో కూడా అదే వేడి పెట్టుకోవచ్చని మా ఆయన అంటే, గీజరు నీళ్లూ భూమి నీళ్లూ ఒకటేనా అని కోప్పడింది. ఆ 21 రోజుల వైద్యం ఇప్పుడు చేయించుకోవచ్చా అని అడిగింది. పార్కులో వరసగా 14 రాత్రులకి మించి ఉండనివ్వరని చెప్పాను.

"మిగతా వారం అవతలి ఒడ్డున ఉండి వస్తాను. నా వీసా గడువు అవలేదుగా," అంది.