ముందు గది, తరువాతే ప్రొజెక్టర్

మా ఇంట్లో 100 అంగుళాల తెర మీద సినిమాలు చూడడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఏ ప్రొజెక్టర్ కొనమంటారని ఈ మూడేళ్లలో నన్ను అడిగినవారందరినీ నేను ముందుగా అడుగుతూ వచ్చినది ఒక్కటే: ఏ గదిలో, ఏ వేళలో చూస్తారు? మోడల్ పేరు కోసం వచ్చినవారికి ఈ ప్రశ్న అంతగా రుచించదు. వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే మొదటిసారి నేనూ గది సంగతి ఆలోచించకుండానే కొన్నాను. పెట్టె మీద వేలల్లో ముద్రించిన ల్యూమెన్ల (యంత్రం వేసే మొత్తం వెలుగును చెప్పే కొలమానం) అంకెను నమ్మి, అంత వెలుగు ఉన్నప్పుడు పగలైనా రాత్రయినా ఒకటేనని అనుకుని, ఒక చవక యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ మధ్యాహ్నం కిటికీలు తెరిచి ఉన్న హాల్లో దాన్ని వెలిగిస్తే, మనుషులు కదులుతున్నట్టు మాత్రం తెలిసింది. వారి ముఖాలు ఎలా ఉన్నాయో తెలియలేదు.

అప్పటికి నాకు అర్థం కాని విషయం చాలా చిన్నది. ప్రొజెక్టర్ వెలుగును వేయగలదు కానీ చీకటిని వేయలేదు. బొమ్మలో నల్లగా ఉండవలసిన చోట అది చేయగలిగినదల్లా వెలుగును వీలైనంత ఆపడమే, కాబట్టి అక్కడ మనకు కనిపించేది అప్పటికే గదిలోని వెలుతురు పడుతున్న తెర రంగు. దీపాలు వెలుగుతున్న గదిలో తెల్లని గోడ ఎంత తెల్లగా ఉంటుందో, సినిమాలోని అర్ధరాత్రి కూడా అంత తెల్లగానే ఉంటుంది.

దీన్ని ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూశాక నా ఆలోచన పూర్తిగా మారిపోయింది. 16:9 నిష్పత్తిలో ఉండే 100 అంగుళాల తెర వెడల్పు సుమారు 2.21 మీటర్లు, ఎత్తు 1.25 మీటర్లు, వైశాల్యం దాదాపు 2.75 చదరపు మీటర్లు. మామూలు మ్యాట్ తెల్ల తెర మీదకు 500 ల్యూమెన్లు నిజంగా చేరితే, ఆ సంఖ్యను వైశాల్యంతోనూ, మళ్లీ 3.14తోనూ భాగించగా 58 నిట్ల (తెర కంటికి ఎంత వెలుగుగా కనిపిస్తుందో చెప్పే కొలమానం) ప్రకాశం వస్తుంది. డిజిటల్ సినిమా థియేటర్లకు నిర్దేశించిన ప్రమాణం 48 నిట్లు మాత్రమే. అంటే పూర్తిగా చీకటి చేసిన గదిలో 500 ల్యూమెన్లు థియేటర్‌కు ఏమాత్రం తీసిపోవు. ఇప్పుడు అదే గదిలో ఒక దీపం వెలిగించి, తెర మీద 100 లక్స్ (ఒక్కో చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు) వెలుతురు పడిందనుకుందాం. అప్పుడు నలుపే 32 నిట్లకు చేరుతుంది, తెలుపు 90 నిట్లు అవుతుంది, ఈ రెండింటి మధ్య తేడా మూడు రెట్లు కూడా ఉండదు. ప్రొజెక్టర్ మార్చి వెలుగును రెట్టింపు చేసినా ఆ తేడా అయిదు రెట్లకు చేరదు. అలా కాకుండా పాత ప్రొజెక్టర్‌నే ఉంచి, మందపాటి కర్టెన్లు వేసి, గది వెలుతురును 10 లక్స్‌కు తగ్గిస్తే తేడా 19 రెట్లవుతుంది. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే నా మొదటి ఖర్చు కర్టెన్ల మీద పెట్టి ఉండేవాణ్ణి.

తెర పరిమాణం పెంచాలన్న ఆశకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 100 అంగుళాల నుంచి 150కి వెళ్తే వైశాల్యం 2.25 రెట్లవుతుంది, అంటే ప్రకాశం సగం కన్నా తక్కువకు పడిపోతుంది. పెట్టె మీది ల్యూమెన్ల అంకె విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఏఎన్‌ఎస్‌ఐ (అమెరికా ప్రమాణాల సంస్థ) ల్యూమెన్లు లేదా ఐఎస్ఓ 21118 ప్రమాణం ప్రకారం కొలిచిన ల్యూమెన్లు అని ఉంటే, అవి తెరను తొమ్మిది భాగాలుగా చేసి, దాని మీద పడిన వెలుగును కొలిచి చెప్పినవి. ఏ ప్రమాణమూ పేర్కొనకుండా ఉత్త ల్యూమెన్లు అని మాత్రమే రాస్తే, అది లెన్స్ దాటకముందు లోపలి దీపం ఇచ్చే వెలుగు కావచ్చు, లేదా తయారీదారు ఊహ కావచ్చు.

కర్టెన్ల తరువాత నన్ను ఆశ్చర్యపరిచినది పైకప్పు. తెర మీద పడిన వెలుగు వెనక్కి చిమ్మి, తెల్లని పైకప్పునూ పక్క గోడలనూ తాకి, తిరిగి తెర మీదికే వచ్చి నలుపును పాడుచేస్తుంది. గది మొత్తానికి ముదురు రంగు వేద్దామన్న నా ప్రతిపాదన ఇంట్లో నెగ్గలేదు, నెగ్గకపోవడం న్యాయమే కూడా. చివరికి తెరకు దగ్గరగా ఉన్న పక్క గోడకు ముదురు నీలం తెరచీర ఒకటి వేలాడదీయడంతో రాజీ కుదిరింది. దీపాలు ఆర్పడం సాధ్యం కాని ఇళ్లలో, పై నుంచీ పక్కల నుంచీ వచ్చే వెలుతురును తిరస్కరించే ప్రత్యేక తెరలు కొంతవరకు ఉపకరిస్తాయి, కానీ వాటికి తగిన చోట ప్రొజెక్టర్‌ను పెట్టగలగాలి.

ఇక గది కొలతలు. తెర వెడల్పుకు లెన్స్ దూరం ఎన్ని రెట్లో చెప్పేదే త్రో రేషియో. అది 1.5 అయితే 100 అంగుళాల బొమ్మకు సుమారు 3.3 మీటర్ల దూరం కావాలి. గదిలో అంత చోటు లేకపోతే షార్ట్ త్రో రకం, గోడకు ఆనించి పెట్టాలంటే అల్ట్రా షార్ట్ త్రో రకం చూసుకోవాలి. ఈ చివరి రకానికి తెర బల్లలా చదునుగా ఉండాలి, ఎందుకంటే అతి తక్కువ కోణంలో పడే వెలుగు గుడ్డలోని ప్రతి ముడతనూ పెద్దదిగా చూపిస్తుంది. ప్రొజెక్టర్‌ను ఎక్కడో ఒక మూలన పెట్టి, వంకరగా పడిన బొమ్మను కీస్టోన్‌తో సరిచేసుకోవచ్చని చాలామంది భావిస్తారు. కీస్టోన్ అనేది బొమ్మను లోపలే కుదించి పంపే పద్ధతి. దానివల్ల కొన్ని పిక్సెళ్లు వృథా అవుతాయి, స్పష్టత తగ్గుతుంది, వాడని భాగం కూడా బొమ్మ చుట్టూ బూడిద రంగులో మసకగా వెలుగుతూనే ఉంటుంది. లెన్స్‌నే పైకీ కిందికీ జరిపే లెన్స్ షిఫ్ట్ ఉన్న యంత్రం దొరికితే దానికే నా ఓటు.

లోపలి సాంకేతికత గురించి జరిగే వాదాలలో ఒక్క అంశం మాత్రం కొనేముందు స్వయంగా పరీక్షించుకోవాలి. డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో ఉండే సూక్ష్మ అద్దాల చిప్‌ను 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ కనిపెట్టారు. ఇళ్లలో వాడే వాటిలో సాధారణంగా ఇలాంటి చిప్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒకదాని తరువాత ఒకటిగా వేగంగా వచ్చి మన కంట్లో కలుస్తాయి. కొందరి కళ్లు రంగులు ఇలా విడివిడిగా రావడాన్ని పట్టేస్తాయి, అప్పుడు తెల్లని అక్షరాల అంచుల వెంట ఇంద్రధనుస్సు మెరుపులు కనిపిస్తాయి. నాకు ఎన్నడూ కనిపించలేదు. నా భార్యకు మొదటి పది నిమిషాల్లోనే కనిపించాయి, ఆ సాయంత్రం ఆమె సినిమా మధ్యలోనే లేచిపోయింది. మూడు రంగులనూ మూడు ప్యానెళ్ల ద్వారా ఒకేసారి వేసే ఎల్‌సీడీ రకంలో ఈ ఇబ్బంది లేదు, మా రెండో ప్రొజెక్టర్ ఆ రకానిదే.

ఆటల సంగతి పూర్తిగా వేరు. రెండో ప్రొజెక్టర్ వచ్చిన వారంలోనే మా అబ్బాయి, “నాన్నా, నేను నొక్కిన ఎంతసేపటికో దూకుతున్నాడు” అని కంట్రోలర్ నా చేతికిచ్చాడు. నిజమే. సెకనుకు 60 ఫ్రేమ్‌లు వచ్చే ఆటలో ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకండ్లు పడుతుంది. ప్రొజెక్టర్ ప్రతి ఫ్రేమ్‌నూ ఆపి, మెరుగులు దిద్ది, కదలికను నునుపు చేసి వేస్తే ఆ ఆలస్యం అనేక ఫ్రేమ్‌లకు పెరుగుతుంది. సినిమాలో ఇది మనకు తెలియదు, ఎందుకంటే అక్కడ మన వేలికీ బొమ్మకూ సంబంధం లేదు. గేమ్ మోడ్ వేసి, కదలికను నునుపు చేసే ఏర్పాటును తీసేసి, కీస్టోన్‌ను సున్నాకు తెచ్చాక అతని ఫిర్యాదు ఆగింది. అందుకే ఆటల కోసం కొనేవారు ల్యూమెన్ల కన్నా ముందు ఇన్‌పుట్ ల్యాగ్, అంటే ఈ ఆలస్యం, ఎంతో, అది ఏ రిజల్యూషన్‌లో కొలిచినదో చూడాలి. 4కే బొమ్మ సెకనుకు 120 ఫ్రేమ్‌లతో కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 కనెక్షన్ ఉండాలి, 2.0 అయితే 60 దగ్గరే ఆగిపోతుంది. శబ్దానికి బ్లూటూత్ స్పీకర్ వాడితే మాత్రం గేమ్ మోడ్‌తో సంపాదించిన వేగం చెవి దగ్గర పోతుంది, కాబట్టి వైరు లాగడమే మేలు.

దీపం ఆయుష్షు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాతరకం పాదరస దీపాలు కొన్ని వేల గంటలకే మార్చవలసి వస్తాయి. లేజర్‌కు చాలామంది తయారీదారులు 20,000 గంటలు చెబుతారు, రోజుకు రెండు గంటల చొప్పున అది 27 ఏళ్లకు పైమాటే. అంతకాలం ఆ యంత్రాన్ని ఎవరూ ఉంచుకోరు. ఆ గంటలు నిజం కావాలంటే గాలి వచ్చే దారి మూసుకుపోకూడదు. ఒకరోజు ఫ్యాన్ మోత సంభాషణలను మింగేస్తోందని యంత్రాన్ని తిట్టుకుంటూ పక్క మూత తీస్తే, లోపల ఫిల్టర్ మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. మెత్తని బ్రష్‌తో దులిపి పెట్టాక శబ్దం తగ్గింది. అప్పటినుంచి నెలకోసారి ఆ మూత తీస్తున్నాను. గేమ్ మోడ్‌లో చల్లని నీలంగా మారిన రంగులను సినిమా మోడ్‌కు తిరిగి తేవడం మాత్రం ఇప్పటికీ మరిచిపోతూనే ఉన్నాను, పాత్రధారుల ముఖాలు పాలిపోయి కనిపించినప్పుడు గుర్తొచ్చి రిమోట్ కోసం చీకట్లో వెతుకుతాను.