ముహూర్తానికీ అప్పగింతలకీ మధ్య: పెళ్లి పోర్ట్రెయిట్లకు నేను లైటు ఎంచుకున్న విధం

విజయనగరంలో స్టూడియో నడుపుకునే నాకు పెళ్లిలో రెండు రకాల పని ఉంటుంది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి తీసుకుపోయేది ఒకటి. వధూవరులను, ఆపైన తల్లిదండ్రులను, చివరికి ఇరువైపుల బంధువులను వరుసల్లో నిలబెట్టి పద్ధతిగా తీసేది రెండోది. పటం కట్టించి హాల్లో పెట్టుకునేది ఈ రెండో రకం ఫోటోనే. దీనికి కెమెరా మీది చిన్న ఫ్లాష్ చాలదు. కరెంటుతో నడిచే స్టూడియో లైట్లు తీసుకువెళ్దామంటే మండపంలో ప్లగ్గు వెతకాలి, పిల్లలు పరుగులు తీసే చోట వైరు పరవాలి, జనరేటరు మారినప్పుడల్లా ఆగిపోవాలి. అందుకే బ్యాటరీ ఫ్లాష్ కొనాలని నిశ్చయించుకున్నాను.

మా వైపు ముహూర్తాలు ఎక్కువగా రాత్రివేళే పడతాయి. నిలబెట్టి తీసే ఫోటోలకు తెల్లవారుజామున అప్పగింతలకు ముందు కాస్త వ్యవధి దొరుకుతుంది. "పది నిమిషాల్లో కానిచ్చెయ్యండి బాబూ" అని పురోహితులవారు అంటే అది నిజంగా పది నిమిషాలే. కాబట్టి ఏ లైటు చూసినా, అది ఎంత వెలుగు ఇస్తుందన్న ప్రశ్నతో పాటు, ఆ పది నిమిషాల్లో దాన్ని నిలబెట్టి, జంట నుంచి గ్రూపుకు మార్చగలనా అన్న ప్రశ్న కూడా వేసుకున్నాను.

వీడియో తీసే మిత్రుడొకరు ఎల్‌ఈడీ లైటు కొనమని సలహా ఇచ్చారు. కంటికి కనిపించే వెలుగుతో పని చేయడం సులువన్న ఆయన మాటలో నిజముంది. అయితే 200 వాట్ల ఎల్‌ఈడీ, సెకనులో 200వ వంతు సేపు తెరుచుకునే షట్టరుకు ఒక్క వాట్-సెకను (ఒక వాటు చొప్పున ఒక సెకను పాటు ఖర్చయ్యే శక్తి) విద్యుత్తు విలువైన వెలుగునే అందిస్తుంది. 200 వాట్-సెకన్ల ఫ్లాష్ తన శక్తినంతా ఆ ఒక్క ఫ్రేములోనే కుమ్మరిస్తుంది. విద్యుత్తును వెలుగుగా మార్చడంలో ఎల్‌ఈడీదే పైచేయి అనుకున్నా, పదుల రెట్ల తేడా మిగులుతుంది. పైగా రాత్రంతా మేలుకున్న పెద్దవాళ్లు ఆ వెలుగును సూటిగా చూడలేక కళ్లు చిట్లిస్తారు. ఆ ఆలోచన అక్కడితో వదిలేశాను.

తరువాత మిగిలింది శక్తి ఎంత ఉండాలన్న లెక్క. గోడాక్స్ కంపెనీ బ్యాటరీ ఫ్లాష్‌లైన ఏడీ200 ప్రో (200 వాట్-సెకన్లు), ఏడీ600 ప్రో (600 వాట్-సెకన్లు) రెండింటినీ విశాఖపట్నం నుంచి అద్దెకు తెచ్చి, మా చెల్లికి పట్టుచీర కట్టించి, కోట గోడ నీడన ఒక ఉదయం, ఎండలో ఒక మధ్యాహ్నం పరీక్షించాను. 200 కన్నా 600 ఒకటిన్నర స్టాపు పైచిలుకు ఎక్కువ, అంతే (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం). అంకె చూస్తే కలిగే భ్రమ అంతకంటే పెద్దది. నిండు ఎండలో ఐఎస్ఓ (కెమెరా వెలుగును గ్రహించే స్థాయి) 100, షట్టరు సెకనులో 200వ వంతు దగ్గర పెడితే అపర్చరు, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్11 వరకు చిన్నదైపోతుంది. వెలుగును మెత్తబరిచే తెల్ల బట్ట పెట్టె, అంటే సాఫ్ట్‌బాక్స్‌లోంచి, ఆ ఎండకు సమానంగా కొట్టడానికి 200 ఆయాసపడింది, 600 తేలికగా కొట్టింది. షట్టరు వేగం పెంచుదామని హైస్పీడ్ సింక్‌కు (మామూలు హద్దు దాటిన షట్టరు వేగంలోనూ ఫ్లాష్ పనిచేసే పద్ధతికి) వెళితే ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది కనుక అదీ 600కే నప్పింది. కానీ నా ఫోటోల్లో నడి ఎండవి ఎన్ని? చాలా తక్కువ.

గ్రూపు ఫోటో విషయంలో మాత్రం బాగా తర్జనభర్జన పడ్డాను. లైటుకు 2 మీటర్ల దూరంలో నిలబడినవారితో పోలిస్తే 4 మీటర్ల దూరంలో ఉన్నవారికి నాలుగో వంతు వెలుగే అందుతుంది. పెళ్లికూతురి మేనమామ తెల్లగా, చివరనున్న తాతగారు నల్లగా పడితే ఆ ఇంట్లో ఆ మాట ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అదే లైటును వెనక్కి జరిపి 5, 7 మీటర్లు చేస్తే తేడా సగానికి, అంటే ఒక స్టాపుకు తగ్గుతుంది. అయితే 2 మీటర్ల నుంచి 5 మీటర్లకు జరపగానే దగ్గరివారి మీద పడే వెలుగు ఆరో వంతుకు దిగిపోతుంది. మూడు వరుసలూ స్పష్టంగా రావాలంటే ఎఫ్8 కావాలి. ఐఎస్ఓను 400కు పెంచి, రెండు 200లను కెమెరాకు చెరో పక్క తెల్ల గొడుగుల్లో ఎత్తుగా నిలిపితే ఈ లెక్క సరిపోయింది, ఒకదాని లోటు రెండోది పూడ్చింది కూడా. ఒకే 600తో ఆ సమత్వం రాలేదు.

కొనుగోలు ఇక్కడే తేలిపోయింది. ఒక 600 ధరలో రమారమి రెండు 200లు వస్తాయి. ఒక్కొక్కటి కిలో లోపే తూగుతుంది, స్కూటరు డిక్కీలో పడుతుంది. 600 మూడు కిలోలు. రెండు 200లనూ కలిపి బిగించే బ్రాకెట్ ఒకటి ఉంది, దానితో 400 వాట్-సెకన్ల ఒకే లైటు తయారవుతుంది. పైగా ఒకటి మొరాయించినా రెండోదానితో పెళ్లి గట్టెక్కుతుంది.

సాఫ్ట్‌బాక్స్ పరిమాణం మీద దుకాణాల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు, నా ఉద్దేశంలో లైటు కన్నా అదే ముఖ్యం. చిన్న వెలుగు జరీ మీద, వడ్డాణం మీద, కళ్లజోళ్ల మీద, చెమట పట్టిన నుదుటి మీద చుక్కలుగా మెరుస్తుంది. జంటకు 120 సెంటీమీటర్ల ఆక్టా (ఎనిమిది పలకల సాఫ్ట్‌బాక్స్) తీసుకున్నాను. అందులో ఫ్లాష్‌కు వెలుగును ముందుకే పంపే ఫ్రెనెల్ తల బదులు అన్ని వైపులా వెదజల్లే బేర్ బల్బు తగిలిస్తే బట్టంతా సమంగా వెలుగుతుంది. గాలికి అది తెరచాపలా లాగుతుంది కనుక గంటస్తంభం దగ్గర టైలరుచేత ఇసుక సంచులు కుట్టించాను.

నెల్లిమర్ల దగ్గర ఒక పల్లెలో వీటితో మొదటి పెళ్లి తీశాను. మధుపర్కాల తెలుపు మరీ వెలిగిపోయి అందులోని గీతలు మాయం కాకుండా ముందుగా వరుడి పంచెకు ఎక్స్‌పోజరు కుదుర్చుకుని, ముఖాలను తరువాత చూసుకున్నాను. పందిరి సీరియల్ బల్బుల పసుపు వెలుగుతో కలవాలని ఫ్లాష్‌కు సగం గాఢత ఉన్న నారింజ జెల్ (రంగు కాగితం లాంటి పలుచని పొర) వేశాను. పూర్తి జెల్ వేస్తే పసుపు రాసిన పాదాలు మరీ ఎర్రబడుతున్నాయి. గ్రూపు ముగిసేసరికి పురోహితులవారు ఇంకా విస్తరి ముందే ఉన్నారు. భీమిలి, కళింగపట్నం తీరాల్లో నడి మధ్యాహ్నం ఫోటోలు అడిగేవారి కోసం మాత్రం 600ను ఇప్పటికీ అద్దెకే తెస్తున్నాను, ఆ అద్దెను బిల్లులో విడిగా చూపిస్తున్నాను.