తీర్పు దాకా రాని దావాలు

పేటెంట్ చట్టం బోధించే ఉద్యోగంలో చేరకముందు నేను అమెరికాలో 6 సంవత్సరాల పాటు పేటెంట్ దావాలు నడిపే న్యాయవాదుల బృందంలో పనిచేశాను. మొదటి నుంచీ నా చేతుల మీదుగా నడిచిన తొలి కేసు ఒక చిన్న వాల్వుకు సంబంధించినది. దాదాపు ఏడాదిన్నర పాటు అవతలి పక్షం ఇంజనీర్లను ప్రమాణం చేయించి ప్రశ్నించాం, గదుల నిండా పత్రాలు చదివాం, పేటెంటులోని ఒకే ఒక్క క్రియాపదానికి అర్థమేమిటన్న విషయం మీద నిపుణుల చేత వందల పేజీల నివేదికలు రాయించాం. సోమవారం జ్యూరీ ఎంపిక జరుగుతుందనగా, ముందు శుక్రవారం సాయంత్రం రెండు కంపెనీలూ రాజీకి వచ్చాయి. షరతులు రహస్యం. కోర్టు రికార్డులో మిగిలింది ఇరుపక్షాల అంగీకారంతో దావా కొట్టివేసినట్టు చెప్పే ఒక్క పేజీ ఉత్తర్వు మాత్రమే.

అప్పట్లో అది నాకు అన్యాయంగా తోచింది. బోధనలోకి రావడానికి గల కారణాలలో అదీ ఒకటి: విశ్వవిద్యాలయంలోనైతే ప్రశ్నకు జవాబు దొరికేదాకా దానిని వదలనక్కరలేదని నమ్మాను. అయితే బోధన ఉద్యోగానికి వ్యాసాలు అచ్చవ్వాలి. అమెరికాలో లా రివ్యూలకు, అంటే న్యాయశాస్త్ర పత్రికలకు, సంపాదకులు ఎక్కువగా విద్యార్థులే కాబట్టి, మన వ్యాసం అచ్చవుతుందా లేదా అన్నది తరచుగా పేటెంట్ చట్టం ఇంకా చదవని యువకుల చేతిలో ఉంటుంది. ఆ పద్ధతిని ఎంత విమర్శించినా దాని వల్ల నాకు ఒక మేలు జరిగింది. విషయం తెలియనివారికి కూడా మొదటి రెండు పేజీలలోనే సమస్య అర్థమయ్యేలా రాయడం అలవాటైంది.

తరగతిలో నేను ఎప్పుడూ 1996 నాటి మార్క్‌మన్ తీర్పుతో మొదలుపెడతాను. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణాలలో ఏ బట్ట ఎక్కడుందో, ఏది పోయిందో కనిపెట్టే పద్ధతి మీద పేటెంట్ అది. ప్రతివాది యంత్రం డబ్బు లెక్కలు, బిల్లులు నమోదు చేసేదే కాని బట్టల జాడ చెప్పేది కాదు. అందువల్ల వివాదమంతా ‘ఇన్వెంటరీ’ (నిల్వ చిట్టా) అనే మాట మీదికి వచ్చి నిలిచింది: ఆ మాటలో బట్టలు తప్పనిసరిగా ఉండాలా, డబ్బు లెక్క ఉంటే సరిపోతుందా? జ్యూరీ ఉల్లంఘన జరిగిందని చెప్పింది, న్యాయమూర్తి జరగలేదన్నారు. పేటెంటు క్లెయిములోని, అంటే హక్కు దేని మీదో చెప్పే వాక్యంలోని, మాటకు అర్థం నిర్ణయించడం జ్యూరీ పని కాదు, న్యాయమూర్తి పని అని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అప్పటి నుంచి పేటెంట్ దావాలలో మాటల అర్థం తేల్చే విచారణ ఒక ప్రత్యేక ఘట్టమైంది. దావా బలాబలాలు చాలావరకు అక్కడే తెలిసిపోతాయి కనుక, రాజీ మాటలు కూడా తరచుగా ఆ విచారణ ముగిసిన వారాలలోనే ఊపందుకుంటాయి.

విద్యార్థులకు ఈ చివరి వాక్యం ఎక్కించడం అన్నిటికన్నా కష్టం. వారికి పొలరాయిడ్, కొడాక్‌ల యుద్ధం నచ్చుతుంది: 1976లో దావా, 1985లో ఉల్లంఘన తీర్పు, 1986 జనవరిలో తక్షణ ఫోటోల వ్యాపారం నుంచి కొడాక్ నిష్క్రమణ, 1990లో నష్టపరిహారం నిర్ణయం, 1991లో 92.5 కోట్ల డాలర్ల చెల్లింపుతో ముగింపు. ఆద్యంతాలు స్పష్టంగా ఉన్న కథ ఇది. అయితే అమెరికాలో దాఖలయ్యే పేటెంట్ దావాలలో విచారణ దాకా వెళ్ళేవి బహు కొద్ది. పాఠ్యపుస్తకంలో అచ్చయిన తీర్పులలో చాలావరకు ఆ కొద్దిలోంచి మళ్ళీ ఏరినవే.

అందుకే నేను వారి ముందు బ్లాక్‌బెర్రీ కేసును, ఈబే కేసును పక్కపక్కన పెడతాను. బ్లాక్‌బెర్రీ ఫోన్లు తయారుచేసిన కెనడా కంపెనీ ఎన్టీపీ అనే పేటెంట్ యజమాని చేతిలో ఓడిపోయింది. ఆ పేటెంట్ల చెల్లుబాటును పేటెంట్ కార్యాలయం పునఃపరిశీలిస్తూ క్లెయిములను తిరస్కరిస్తున్న సమయంలోనే, ఇంజంక్షన్ (వాడకం ఆపమనే కోర్టు ఉత్తర్వు) వస్తే అమెరికాలో సేవ ఆగిపోతుందన్న భయంతో 2006 మార్చిలో 61.25 కోట్ల డాలర్లకు రాజీపడింది. సరిగ్గా ఆ మే నెలలో ఈబే కేసులో సుప్రీంకోర్టు, ఉల్లంఘన రుజువైనంత మాత్రాన ఇంజంక్షన్ దానంతటదే రాదని, నష్టం డబ్బుతో పూడనిదేనా, ఇరుపక్షాల కష్టం ఎంత, ప్రజాహితం ఎటువైపు అన్న ప్రశ్నలను కోర్టు తూచి చూడాలని చెప్పింది. మధ్య గడువు 3 నెలలు కూడా లేదు. రాజీ కొద్ది వారాలు ఆలస్యమై ఉంటే ఆ అంకె ఎంత ఉండేదో చెప్పగలిగినవారు లేరు, నేనూ చెప్పలేను. కాని ఈబే తీర్పు ప్రభావం అసలు కనిపించవలసిన చోటు ఆ తర్వాత వచ్చిన తీర్పులు కావని, ఆ తర్వాత కుదిరిన రాజీలని నాకు అప్పుడే తట్టింది. ఆ రాజీలేమో మనకు కనిపించవు.

నా పరిశోధన జీవితంలో ఎక్కువ భాగం ఈ కనిపించనితనంతోనే గడిచింది. మొదట్లో నేనూ అందరిలాగే తీర్పులు లెక్కపెట్టాను. ఒక దావాలో 3 పేటెంట్లు, వాటిలో 20 క్లెయిములు ఉంటే దానిని ఒకటిగా లెక్కించాలా, మూడుగానా, ఇరవైగానా? ఈ చిన్న నిర్ణయంతోనే పేటెంట్ యజమానుల గెలుపు శాతం అటూ ఇటూ మారిపోతుంది. ఇద్దరు విద్యార్థి సహాయకులకు విడివిడిగా ఒకే తీర్పు ఇస్తే ఒకరు ‘పాక్షిక విజయం’ అని, మరొకరు ‘ఓటమి’ అని రాసి తెచ్చిన రోజులున్నాయి. ఇద్దరూ జాగ్రత్తగా చదివినవారే. తప్పు నేను పెట్టిన గడులలో ఉంది.

అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి. పేటెంట్ అప్పీళ్ళు వినడానికి 1982లో ఏర్పడిన ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, తన 36వ నియమం కింద, కింది కోర్టు తీర్పును కారణాలేవీ రాయకుండా ‘ధ్రువీకరించడమైనది’ అన్న ఒక్క మాటతో నిలబెట్టవచ్చు. నేను మొదట కారణాలతో కూడిన తీర్పులను మాత్రమే సేకరించాను. కింది కోర్టు తీర్పును తిరగదోడితే కారణాలు రాయక తప్పదు, ధ్రువీకరణలకు రాయకపోయినా చెల్లుతుంది. కాబట్టి నా పట్టికలో కింది కోర్టులు నిజంగా చేసినదానికన్నా ఎక్కువ తప్పులు చేసినట్టు తేలింది. ఒక సభలో ఆ అంకెలు చెప్పినప్పుడు వెనుక వరుసలోంచి ఒక న్యాయవాది ఒక్క మాటలో ముగిసిన తీర్పులు ఎక్కడికి పోయాయని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ వ్యాసాన్ని వెనక్కు తీసుకుని మొత్తం మళ్ళీ లెక్కించడానికి 9 నెలలు పట్టింది.

ఆ నెలలలోనే 1984లో ప్రీస్ట్, క్లైన్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఫలితం ఇదీ అని ఇరుపక్షాలకూ ముందే తెలిసిన వివాదాలు రాజీతో ముగుస్తాయి, ఎటూ తేలనివే విచారణకు మిగులుతాయి, కనుక గెలుపు శాతం సగం వైపు మొగ్గుతుంది అన్నది వారి వాదన. పేటెంట్ దావాలలో అది పూర్తిగా సరిపోదనే నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ పందెం ఇరుపక్షాలకూ సమానం కాదు: చెల్లదని ఒక్కసారి తుది తీర్పు వస్తే పేటెంట్ యజమాని ఆ ఒక్క ప్రతివాదినే కాక, రేపటి ప్రతివాదులందరినీ పోగొట్టుకుంటాడు. అయినా గెలుపు శాతం పెరిగింది, తగ్గింది అని వార్త రాగానే చట్టం మారిందనుకోవడం నేను మానేశాను.

చట్టం మారినప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరమైంది. 2011 సంస్కరణ చట్టం వల్ల 2012 సెప్టెంబరు నుంచి పేటెంట్ చెల్లుబాటును పేటెంట్ కార్యాలయంలోని బోర్డు ముందు సవాలు చేసే కొత్త మార్గం తెరుచుకుంది. 2015లో దేశంలోని పేటెంట్ దావాలలో 40 శాతానికి పైగా తూర్పు టెక్సాస్‌లోని ఒక్క జిల్లా కోర్టుకే వెళ్ళేవి. 2017లో టీసీ హార్ట్‌ల్యాండ్ కేసులో సుప్రీంకోర్టు, దావా ఎక్కడ వేయవచ్చో తేల్చే కంపెనీ నివాసమంటే అది నమోదైన రాష్ట్రమేనని చెప్పాక అవి పెద్ద సంఖ్యలో, ఎన్నో కంపెనీలు నమోదైన డెలావేర్ రాష్ట్రం వైపు మళ్ళాయి. కోర్టు మారితే దావా వేసేవారి లెక్కా మారుతుంది, కాబట్టి 2017కు ముందు అంకెలను తర్వాతి అంకెలతో నేరుగా పోల్చవద్దని నా దగ్గర పరిశోధన చేసేవారికి ఇప్పటికీ చెబుతుంటాను.

గత వేసవిలో ఆ పట్టికను కొత్త కంప్యూటరులోకి మారుస్తుండగా నా వాల్వు కేసు కనిపించింది. ఎన్నో ఏళ్ళ క్రితం, అది ఏ కేసో గమనించకుండా ఒక సహాయకురాలు దానిని నమోదు చేసింది. ఫలితం గడిలో ‘కొట్టివేత’, తీర్పు గడిలో ‘లేదు’, గెలిచినవారి గడిలో ఖాళీ. ఆ క్రియాపదానికి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలుసు. పట్టికలో దానికి గడి లేదు.