వరద తీసింది సరే, ఇంట్లోకి ఎలా వెళ్ళాలి?

వీధిలో నీళ్ళు తీశాయని పక్కింటివాళ్ళు ఫోన్ చేయడమే ఆలస్యం, పిల్లాజెల్లాతో బయల్దేరిపోతారు. మద్రాసులో గ్రౌండ్ ఫ్లోర్ అద్దెల్లో ఉండే మనవాళ్ళతో వచ్చిన చిక్కే అది. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు కోటూరుపురం, జాఫర్‌ఖాన్‌పేట మునిగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి, ముడిచూరు, పల్లికరణై మునిగాయి. మిచాంగ్ అప్పుడైతే నెల్లూరు పోయి తలదాచుకుందామన్నా కుదరలేదు, ఆ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గరే తీరం దాటింది. చుట్టాల మేడ మీద ఇరుక్కుని ఉన్నవాళ్ళకు ఎప్పుడెప్పుడు ఇల్లు చేరదామా అనే ఉంటుంది. కానీ నీళ్ళు చేసే నష్టం ఒక ఎత్తు, తిరిగొచ్చిన రోజు తొందరలో మనం చేసుకునే నష్టం ఒక ఎత్తు. మొదటి రోజు పెద్దవాళ్ళు ఇద్దరు, అదీ పగటి పూట వెళ్తే చాలు.

బురద కడగక ముందే ప్రతి గదినీ ఫోటో తీయండి. గోడ మీద నీటి గీత, దాని పక్కన పెట్టిన కొలత టేపు అందులో కనబడాలి. వాటిని అప్పటికప్పుడే హౌస్ ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో కోత పెట్టడం ఇక్కడ మామూలే. ఇన్సూరెన్స్ ఉంటే వాళ్ళూ ముందు అడిగేవి ఇవే.

ఇక కరెంటు. మెయిన్ దించేశాం కదా అని ధైర్యంగా తిరుగుతారు. ఇన్వర్టర్ అటక మీదో అరలోనో ఉండి తడవకుండా మిగిలితే, మెయిన్ దించగానే అది అందుకుంటుంది. ఫ్యాన్ల లైన్లో, లైట్ల లైన్లో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి. కాబట్టి ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ తీగ కూడా విప్పించాలి. నేల మీద ఇంకా నీళ్ళుంటే ఈ పనికి మీరు దిగొద్దు. మెట్ల కింద మీటరు బోర్డు తడిసి ఉంటే దాని జోలికి పోకుండా విద్యుత్ బోర్డు వాళ్ళ ఫిర్యాదుల కేంద్రం 'మిన్నగం' నంబరు 94987 94987కు చెప్పండి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచేటప్పుడే తీగల ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ ఉందా అని అడగండి. టెస్టర్ పెట్టి చూసి 'బాగానే ఉంది సార్' అనేవాళ్ళతో ఈ పని కాదు. ప్లగ్గులన్నీ పీకేసి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో లైనూ విడివిడిగా చూస్తే ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగోమ్ రావాలి. రాలేదంటే గోడలోని పీవీసీ పైపులో, ముఖ్యంగా కింది సాకెట్లకు దిగే వంపుల్లో నీళ్ళు నిలిచాయనుకోవాలి. బోర్డులు విప్పి ఆరనివ్వడం తప్ప దానికి దగ్గరి దారి లేదు. మునిగిన ఎంసీబీలను, అంటే లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్‌లను, ఆరబెట్టి వాడొద్దు. లోపల బురద పట్టినవి అవసరానికి ట్రిప్ కావు. షాక్ కొట్టకుండా కాపాడే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేస్తామనేవాళ్ళుంటారు. ఆ ఒక్కటీ ఒప్పుకోకండి.

సంపు నీళ్ళు పైకెక్కించే మోనోబ్లాక్ మోటారు మునిగితే దాన్ని 'ఒకసారి వేసి చూద్దాం' అని వేస్తే వైండింగ్ కాలిపోతుంది. వేయకుండా వైండింగ్ షాపుకిస్తే ఆరబెట్టి, వార్నిష్ పట్టించి ఇస్తారు. బోరులోని సబ్‌మెర్సిబుల్ ఎటూ నీళ్ళలో ఉండేదే, దానికి భయం లేదు. పాడయ్యేది గోడకున్న స్టార్టర్ పెట్టె, అందులోని కెపాసిటర్. కారుకైనా బైకుకైనా ఇదే సూత్రం: స్టార్ట్ చేయకుండా లాగించుకుపోవాలి. ఇంజన్‌లో నీళ్ళుండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇన్సూరెన్స్‌లో అదనంగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోకపోతే దానికి క్లెయిమ్ రావడం కష్టం.

సంపులోకి వచ్చింది వాన నీళ్ళే అనుకోకండి, డ్రైనేజీ కలిసే వచ్చి ఉంటుంది. అయినా ఒక్కసారిగా తోడేయొద్దు. బయట భూమిలో నీరు పైదాకా ఉంటే కిందనుంచి తన్నే ఒత్తిడికి సంపు అడుగు పగలొచ్చు, ప్లాస్టిక్ ట్యాంకైతే పైకే లేస్తుంది. సగం తోడి, లారీ నీళ్ళు పట్టించి, మళ్ళీ సగం తోడటం మేలు. బురద తీయడానికి దిగాల్సి వస్తే మూత చాలాసేపు తెరిచి ఉంచాలి, పైన మనిషి ఉండాలి. లోపల ఊపిరాడక పోయినవాళ్ళ వార్తలు మన పేపర్లలో కొత్త కాదు.

శుభ్రమయ్యాక 6,000 లీటర్ల సంపుకు కిలో బ్లీచింగ్ పౌడర్ పడుతుంది. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే పోయాలి. ఆ నీళ్ళనే పై ట్యాంకుకెక్కించి, ప్రతి కొళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి, రాత్రంతా ఉంచి పారబోయాలి. తర్వాత రోజువారీ వాడకానికి 1,000 లీటర్లకు 2.5 గ్రాములు చాలు. పాత డబ్బాలో గాలి తగిలిన పౌడరుకు బలం ఉండదు. బాత్రూం యాసిడ్‌తో కలిస్తే మాత్రం విషవాయువే. 2023 వరదలో ఎన్నూరు వైపు ఇళ్ళకు పట్టినట్టు రిఫైనరీ నూనె పూత ఉంటే ముందు డిటర్జెంట్‌తో వదిలించాలి, జిడ్డు మీద బ్లీచింగ్ పనిచేయదు.

ఈ పనులన్నీ గమ్‌బూట్లతోనే. రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే వరద నీళ్ళలో తిరిగామని డాక్టరుకు మనమే చెప్పాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే ఎలుక జ్వరాన్ని (లెప్టోస్పైరోసిస్) మామూలు జ్వరమనుకునే ప్రమాదం ఎక్కువ.

గోడల దగ్గరే అందరికీ ఓపిక చచ్చేది. సంక్రాంతికి రంగు వేయించాలని లప్పం పట్టిస్తారు, ఉగాదికల్లా పెచ్చులూడి ఉప్పు పూస్తుంది. అడుగున్నర చదరపు పాలిథీన్ షీటు గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాడు చూడండి. లోపలి వైపు చెమ్మ చుక్కలుంటే ఇంకా ఆగాలి. బీరువాలు గోడకు జానెడు ఎడంగా జరపండి.

తడిసిన కాగితాలను విడదీయబోతే చినుగుతాయి. ఎండలో పెట్టినా, ఇస్త్రీ చేసినా పాడవుతాయి. తెల్ల కాగితాలు మధ్యలో పెట్టి నీడలో, ఫ్యాన్ గాలికి ఆరనివ్వాలి. కట్ట పెద్దదైతే కవర్లో చుట్టి ఎవరింట్లోనైనా ఫ్రీజర్‌లో పెడితే బూజు పట్టకుండా వ్యవధి దొరుకుతుంది. వరదల తర్వాత తమిళనాడు ప్రభుత్వం పెట్టే సర్టిఫికెట్ క్యాంపులు ఆ రాష్ట్రం ఇచ్చిన పత్రాలకే. మన పొలం దస్తావేజు నకలుకు ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే పోవాలి. 2023లో 6,000 రూపాయల సాయం రేషన్ షాపుల ద్వారానే ఇచ్చారు, కార్డు లేనివాళ్ళ దగ్గర అర్జీలూ అక్కడే తీసుకున్నారు. మళ్ళీ అలాంటి సాయం ప్రకటిస్తే, కార్డు ఆంధ్రాలో ఉండిపోయినవాళ్ళు అర్జీ గడువు దాటకుండా షాపులో కనుక్కోవాలి.