బుడమేరు నీళ్లు ఎక్కడికి పోవాలి?

2024 సెప్టెంబరులో బెజవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు అందరం బుడమేరు వాగునే తిట్టుకున్నాం. గండ్లు పడ్డ మాట నిజమే. కానీ మాది దిగువన, కొల్లేరు సరస్సు పక్కన కైకలూరు వైపు ఊరు. నా చూపు దిగువకే పోతుంది.

వెలగలేరు రెగ్యులేటరు (నీటిని మళ్లించే గేట్లు) నుంచి డైవర్షన్ కాలవ బుడమేరు వరదను ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అంత నిండిన నది ఇంకో ఏటిని ఎక్కడ ఇముడ్చుకుంటుంది? ఇక మిగిలింది పాత దారే, బెజవాడ మీదుగా కొల్లేరుకు.

అసలు కొల్లేరు అక్కడ ఉన్నదే అందుకు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క గోదావరి వేల ఏళ్లు ఒండ్రు పోసి నేలను మెరక చేసుకుంటూ పోయాయి. రెంటి నడుమ పల్లం మిగిలింది. బుడమేరు, తమ్మిలేరు, డెల్టా మురుగు కాలవలు అన్నీ అందులోకే. బయటికి దారి ఒక్క ఉప్పుటేరు, సముద్రం దాకా సుమారు 60 కిలోమీటర్లు. వాలు బహు తక్కువ. సముద్రం పోటు మీదుంటే నీరు లాగదు. వేసవిలో కొల్లేరు మట్టం పడిపోయిందా, అదే దారిన ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది. మా పెద్దమ్మ వాళ్లింట్లో ఆ రోజుల్లో బోరు నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోయేవి. తాగే నీళ్లు కొనుక్కోవాల్సిందే.

అంటే సరస్సు వానాకాలం వరదను పట్టాలి, ఎండాకాలం ఉప్పును ఆపాలి. రెంటికీ చోటు కావాలి. ఆ చోట్లోనే చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో చేరింది, 2006లో ప్లస్ 5 కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) లోపలి గట్లు కొట్టేశారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. చెరువులు తవ్వినవాళ్లలో మా బంధువులూ ఉన్నారు, ఆ డబ్బుతోనే పిల్లల్ని చదివించుకున్నారు. వాళ్లకు వేరే బతుకుతెరువు చూపకుండా పొక్లెయిన్లు పంపడం నాకు న్యాయంగా తోచదు. అలాగని గట్లు ఉండనివ్వమనీ అనలేను.

ఇప్పుడు బెజవాడలో బుడమేరు కట్టలు బలపరచాలంటున్నాం. తప్పకుండా చేయాలి. అయితే ఇక్కడ ఆగని నీరు మరింత వేగంగా కొల్లేరు లంక గ్రామాల మీద పడుతుంది. ముందు ఉప్పుటేరులో పూడిక, గుర్రపుడెక్క తీయించండి. ఆ లెక్కలు వేసే సమావేశాలకు లంకల వాళ్లనూ పిలవండి.